‘తాడు’ అని వెతికితే ‘వస్తాడు’ వచ్చింది: అర్థాన్ని వెతికే సాధనంతో ఎనిమిది నెలలు

లిఫ్టుల నిర్వహణ చూసే ఒక సంస్థలో పత్రాల గది నా బాధ్యత. పంతొమ్మిదేళ్లుగా అదే కుర్చీ. మెకానిక్‌లు రాసే సర్వీసు రిపోర్టులు, తయారీదారులు పంపే సాంకేతిక సూచనలు, ఫిర్యాదులు, తనిఖీ పత్రాలు అన్నీ కలిపి అరవై వేల పైచిలుకు ఫైళ్లు కంప్యూటర్‌లో ఉన్నాయి. అడిగినవారికి అడిగిన కాగితం తీసి ఇవ్వడమే నా ఉద్యోగం. చదివింది గ్రంథాలయ శాస్త్రం కాబట్టి వెతకడం అనే పని మీద కాస్త పిచ్చి కూడా ఉంది.

ఎనిమిది నెలల క్రితం మావాళ్లు కొత్త సెర్చ్ సాధనం కొన్నారు. ఇది మాటను కాదు, అర్థాన్ని వెతుకుతుందని అమ్మడానికి వచ్చినవారు చెప్పారు. ఇలాంటి ఊరింపులు నా సర్వీసులో చాలా విన్నాను. అందుకే పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకుని, దొరికినవీ దొరకనివీ రాసుకుంటూ వాడాను. ఈ సమీక్ష ఆ నోటుపుస్తకంలోంచే. సాధనం పేరు రాయడం లేదు. ఇందులో మెప్పూ ఉంది, తిట్టూ ఉంది. పైగా ఈ తరహా సరుకంతా లోపల దాదాపు ఒకే పద్ధతిలో నడుస్తుంది కాబట్టి, పేరు కన్నా నేను పెట్టిన పరీక్షలే మీకు ఎక్కువ పనికొస్తాయి.

ముందు పాతదాని సంగతి చెప్పాలి. ఒకసారి మా చీఫ్ ఇంజినీరు తాడు అరిగినట్లు రాసిన రిపోర్టులన్నీ కావాలన్నారు. లిఫ్టు వేలాడేది ఉక్కుతాళ్ల మీద. వాటిలోని సన్నతీగలు తెగడం మొదలైందంటే ఆలస్యం చేయకూడదు. పాత సాధనంలో ‘తాడు’ అని కొట్టాను. వేలల్లో ఫలితాలు వచ్చాయి. మొదటిది తెరిస్తే, ‘మెకానిక్ రేపు ఉదయం వస్తాడు’. రెండోది, ‘వాచ్‌మన్ తాళం ఇస్తాడు’. మూడోది, ‘సామాను రాగానే బిగిస్తాడు’. ప్రతి దానిలోనూ ఆ చివరి అక్షరాలకు పసుపు రంగు పూసి మరీ, ఇదిగో తాడు అని చూపిస్తోంది.

తప్పు దానిది కాదు. మన కంటికి ‘స్తా’ ఒకే అక్షరం. కంప్యూటర్ దాన్ని దాచుకునేది స, పొల్లు, త, దీర్ఘం అనే నాలుగు గుర్తుల వరుసగా. ఆ వరుసలో ముందు భాగాన్ని వదిలేస్తే ‘వస్తాడు’లో మిగిలేది అచ్చంగా తాడే. సరే, పదం మొత్తం సరిపోలితేనే చూపించు అని గడిలో టిక్కు పెట్టాను. ‘వస్తాడు’ పోయింది, దానితోపాటు ‘తాడుకు’, ‘తాడుపై’, ‘తాళ్లు’, ‘తాళ్ళు’ కూడా పోయాయి. తెలుగులో నామవాచకం ఒంటరిగా తిరగదు, వెనక ఏదో ఒకటి తగిలించుకునే తిరుగుతుంది. బహువచనం వచ్చేసరికి కొన్నిసార్లు మొహమే మార్చుకుంటుంది. ‘కారు’ అని వెతికినా ఇదే గోల. మనుషులు ఎక్కే గదిని మా పనిలో కారు అంటారు. ఫలితాల్లో ‘అధికారులు’ బారులు తీరారు, వాళ్ల వెనకే ‘నూనె కారుతోంది’ కూడా.

కంటికి కనిపించని తంటా ఇంకొకటి ఉంది. ‘బేరింగ్‌లు’ అని రాసేటప్పుడు గ కింద ల ఒత్తు పడకుండా కొందరు మధ్యలో ఒక అదృశ్య గుర్తు టైపు చేస్తారు. కొందరు అది లేకుండా ‘బేరింగ్లు’ అని కొట్టేస్తారు. చదివేవారికి రెండూ ఒకటే. పాత సాధనానికి మాత్రం అవి రెండు వేర్వేరు మాటలు, చుట్టరికం కూడా లేదు.

ఇలాంటి వాటిని సర్దే పద్ధతులు ఉన్నాయి, మంచి సాధనాలు సర్దుతాయి కూడా. ఎంత సర్దినా మిగిలిపోయే చిక్కు వేరు. రిపోర్టు రాసిన మనిషి తాడు అనే మాటే వాడి ఉండాలి కదా! ఒకరు రోపు అన్నారు, ఒకరు కేబుల్ అన్నారు, ఇంకొకరు ‘పైన తీగలు లేచాయి’ అని రాసి ఊరుకున్నారు.

కొత్త సాధనం నా చేతికి వచ్చిన వారంలోనే ఒక భవనం నుంచి ఫిర్యాదు వచ్చింది, లిఫ్టు అంతస్తుకు సమంగా ఆగడం లేదని. దీన్ని మా పనిలో లెవెలింగ్ సమస్య అంటారు. పాతదానిలో ఆ లిఫ్టు సంఖ్యతో కలిపి ‘లెవెలింగ్’ అని కొడితే సున్నా. అంటే ఇదివరకు రాని సమస్య అన్నమాట, సెన్సరు కాస్త జరిగి ఉంటుంది, సర్దితే సరి. కొత్తదానిలో ‘లిఫ్టు అంతస్తుకు సమంగా ఆగడం లేదు’ అని, ఎవరికైనా చెప్పినట్లే రాశాను. అదే లిఫ్టుకు సంబంధించిన మూడు రిపోర్టులు పైకి వచ్చాయి. రెండేళ్ల వ్యవధిలో ముగ్గురు రాసినవి.

మొదటిది: ‘గడప దగ్గర రెండంగుళాల ఎత్తు తేడా. సర్దాను.’

రెండోది: ‘దిగేటప్పుడు కాలు తట్టుకుంటోందని చెప్పారు. చూశాను, ఇప్పుడు బాగానే ఉంది.’

మూడోది: ‘జనం ఎక్కువగా ఉన్నప్పుడు కాస్త కిందికి జారి ఆగుతోంది.’

లెవెలింగ్ అన్న మాట ఒక్కదానిలోనూ లేదు. విడివిడిగా చదివితే మూడూ చిల్లర ఫిర్యాదులే. పక్కపక్కన పెట్టి చదివితే, ముఖ్యంగా ఆ మూడోదాన్ని చూశాక, ఇది సెన్సరు పని కాదు, బ్రేకు పట్టు తగ్గుతోందని మా ఇంజినీరుకు అనుమానం వచ్చింది. విప్పి చూస్తే బ్రేకు లైనింగ్ పలచబడి ఉంది. నా దృష్టిలో ఆ సాధనానికి పెట్టిన ఖర్చు ఆ రోజే తీరిపోయింది.

మూడో రిపోర్టు రాసిన పెద్ద మెకానిక్ సాయంత్రం ఏదో కాగితం కోసం గదికి వచ్చారు. ‘లెవెలింగ్ అని ఒక్క మాట రాసి ఉంటే అప్పుడే దొరికేది కదండీ’ అన్నాను.

‘నేను చూసింది జారడం అమ్మా. జారిందనే రాశాను’ అన్నారు ఆయన.

దానికి నా దగ్గర జవాబు లేదు. రిపోర్టుల్లో ఏ వస్తువుకు ఏ మాట వాడాలో చెబుతూ ఒక పట్టిక తయారుచేసి నేనే మెకానిక్‌ల గదిలో గోడకు అంటించాను. పదేళ్లు దాటింది. ఇప్పటికీ అక్కడే ఉంది. దాని మీద మేకు కొట్టి ఎవరో క్యాలెండరు వేలాడదీశారు.

చదువుకునే రోజుల్లో మాకు ఒక పాత అధ్యయనాన్ని పాఠంగా చెప్పారు. 1985లో డేవిడ్ బ్లెయిర్, మేరన్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రచురించినది. ఒక పెద్ద దావాకు సంబంధించి దాదాపు 40,000 పత్రాలు, సుమారు 3,50,000 పేజీలు, కంప్యూటర్‌లో పెట్టారు. లాయర్లు తమకు కావలసిన పత్రాల్లో కనీసం 75 శాతం చేతికి రావాలన్నారు, వచ్చాయనే నమ్మారు. కొలిచి చూస్తే వచ్చినవి 20 శాతం దగ్గర. కారణం నాకు ఇప్పటికీ గుర్తుంది: ప్రమాదాన్ని అందరూ ప్రమాదం అని రాయలేదు. బాధ్యత తమ మీద పడుతుందనుకున్నవారు దాన్ని ‘ఘటన’ అనీ, ‘పరిస్థితి’ అనీ రాసుకున్నారు. ఆ తర్వాత రెండేళ్లకు, 1987లో, జార్జ్ ఫర్నాస్ బృందం ఇంకో సంగతి తేల్చింది. ఒకే వస్తువుకు ఇద్దరు మనుషులు తమంతట తాము ఒకే మాట ఎంచుకునే అవకాశం 20 శాతం కన్నా తక్కువ. పరీక్ష కోసం బట్టీ పట్టిన ఈ అంకెలు, క్యాలెండరు కింద నలుగుతున్న నా పట్టికను చూసినప్పుడల్లా గుర్తొస్తాయి. గోడకు అంటించే ముందు గుర్తొచ్చి ఉంటే ఆ శ్రమ తప్పేది.

కొత్త సాధనం లోపల జరిగేది నాకు అర్థమైనంతలో ఇది. ప్రతి రిపోర్టునూ పేరాలంత ముక్కలు చేస్తుంది. కోట్లాది మాటలు చదివి, ఏ మాట ఏ మాటల నడుమ వస్తుందో నేర్చుకున్న ఒక నమూనా (మోడల్ అనే ప్రోగ్రాము) ఆ ముక్కను చదివి, దానికి బదులుగా సంఖ్యల వరుస ఒకటి ఇస్తుంది. మేం వాడేదానిలో ఒక్కో ముక్కకు 1024 సంఖ్యలు. అర్థం దగ్గరగా ఉన్న ముక్కల సంఖ్యలు కూడా దగ్గరగా పడతాయి. మనం అడిగిన ప్రశ్ననూ అలాగే సంఖ్యలుగా మార్చి, దానికి దగ్గరలో ఏ ముక్కలున్నాయో చూస్తుంది. ‘గడప తేడా’, ‘కాలు తట్టుకోవడం’, ‘కిందికి జారడం’ ఒకే పేటలో కాపురం ఉంటాయన్నమాట. ఒక్కో సంఖ్యకు నాలుగు బైట్ల చొప్పున ముక్కకు 4 కిలోబైట్లు; మావి లక్షన్నర ముక్కలు కాబట్టి మొత్తం 600 మెగాబైట్ల చిల్లర. పాతపడిన కంప్యూటర్‌లోనూ ఇమిడే సరుకే. ఆలోచన కొత్తదేమీ కాదు, 1990 నాటికే దీనికి ముందు రూపం ఉంది. మాటలను సంఖ్యలుగా మార్చే పని 2013లో వర్డ్‌టువెక్ అనే పద్ధతితో ఊపందుకుంది, 2018లో బెర్ట్ అనే నమూనా వచ్చాక వాక్యంలో మాట ఉన్న చోటును బట్టి అర్థం పట్టడం కుదిరింది, 2019 నుంచి వాక్యాలను ఇలా పోల్చి వెతకడం తేలికైంది.

మాట ఉన్న చోటు అన్నాను కదా, దానికి నా నోటుపుస్తకంలో ఒక మంచి ఉదాహరణ ఉంది. లిఫ్టు వేగం మితిమీరితే పసిగట్టి, దాన్ని పట్టి ఆపే ఏర్పాటును పనిచేయించే పరికరం పేరు గవర్నర్. పాతదానిలో ఆ మాట కొడితే, గవర్నర్ గారు వస్తున్నారు, లిఫ్టును ముందురోజే తనిఖీ చేసి పెట్టండి అన్న ఉత్తరాలు పైన కూర్చునేవి. కొత్తదానిలో ‘గవర్నర్ తాడు వదులైంది’ అని అడిగితే ఆ ఉత్తరాలు ఎక్కడో అడుగుకు వెళ్లిపోయాయి. పరికరం గురించి రాసినవే వచ్చాయి.

నేను ఊహించని లాభం భాషల విషయంలో దక్కింది. తయారీదారుల సాంకేతిక సూచనలు ఇంగ్లిషులో వస్తాయి, మా రిపోర్టులు తెలుగులో ఉంటాయి. చాలా భాషలను కలిపి నేర్చుకున్న నమూనాలు ఇప్పుడు ఉన్నాయి. గూగుల్ 2020లో విడుదల చేసిన లాబ్సే ఒక్కటే 109 భాషలను చూస్తుంది. మా సాధనంలోనిది అలాంటిదే. ‘వాన నీళ్లు గుంటలోకి దిగితే ఏం చేయాలి’ అని తెలుగులో అడిగితే, ఇంగ్లిషు సూచనలో సరిగ్గా ఆ పేరా పైకి వచ్చింది. గుంట అంటే లిఫ్టు దారికి అట్టడుగున ఉండే గొయ్యి. ఇంగ్లిషు చదవడానికి మొహమాటపడే కుర్రవాళ్లు ఇప్పుడు ఆ పేరా సంఖ్య రాసుకుని వచ్చి, అర్థం మాత్రం నన్ను అడుగుతున్నారు.

ఇక తిట్లు.

దీనికి ‘లేదు’ అనడం చేతకాదు. పాత సాధనంలో ఎంత చిరాకున్నా, లేకపోతే సున్నా అని మొహం మీదే చెప్పేది. ఇది దగ్గరగా ఉన్నవాటిని చూపించే యంత్రం. ఏదో ఒకటి ఎప్పుడూ దగ్గరగానే ఉంటుంది. పరీక్షగా ‘విమానం రెక్క విరిగింది’ అని అడిగాను. పది ఫలితాలు వినయంగా తెచ్చి పెట్టింది. మొదటి నాలుగూ లిఫ్టులోని ఫ్యాను రెక్కల గురించి. నవ్వుకున్నాను గానీ, తనిఖీకి వచ్చినవారు ‘ఈ లిఫ్టులో ఎప్పుడైనా ఇలా జరిగిందా’ అని అడిగినప్పుడు ఇది నవ్వులాట కాదు. పక్కన ఒక మార్కు చూపిస్తుంది, 0.84 అనో 0.79 అనో. దానితో తేల్చుకోవచ్చనుకున్నాను. ఫ్యాను రెక్కలకు కూడా 0.76 వేసింది! మేం వాడే నమూనాలో పనికిరానివాటికి కూడా 0.70 పైనే మార్కు పడుతుందని తెలుసుకోవడానికి నాకు నెల పట్టింది. అమ్మినవారు ఈ ముక్క మొదటిరోజే చెప్పవలసింది.

విడిభాగాల సంఖ్యల దగ్గర పూర్తిగా తేలిపోయింది. ఒక అంకె తేడా ఉన్న బోర్డు సంఖ్యను కొడితే, చూడటానికి అలాంటివే మరో పది సంఖ్యలు తెచ్చింది. దాని లెక్కలో అవన్నీ బంధువులు. మా లెక్కలో ఒక అంకె మారితే బోర్డు బిగవదు. ఈ పనికి పాతదే రాజు.

కాదు, లేదు అన్న మాటలు కూడా దానికి సరిగా ఎక్కవు. ‘బ్రేకు లైనింగ్ మార్చని లిఫ్టులు’ అని అడిగితే మార్చినవే ఎక్కువ వచ్చాయి. రెండు వాక్యాలూ బ్రేకు లైనింగ్ మార్పు గురించే కాబట్టి దగ్గరివే అనుకుంటుంది. తెలుగులో ఆ నిషేధమంతా ‘మార్చని’లోని ఒక చిన్న అక్షరంలో దాక్కుంటుంది మరి. తేదీల సంగతీ అంతే. పోయిన సంవత్సరం అంటే దానికి ఒక భావం, క్యాలెండరు కాదు. తేదీ, లిఫ్టు సంఖ్య లాంటివాటికి విడిగా వడపోత పెట్టుకోవాలి.

మొదటి రెండు నెలలు ఇంకో విచిత్రం. ‘తాడు వెంటనే మార్చాలి’ అన్న ముక్క చక్కగా దొరికేది, ఏ లిఫ్టు తాడో మాత్రం ఉండేది కాదు. లిఫ్టు సంఖ్య రిపోర్టు తలకట్టులో, అంటే పైన వివరాలు రాసే భాగంలో ఉంటుంది; ముక్కలు చేసినప్పుడు తల ఒక ముక్కలోకి, మొండెం ఇంకో ముక్కలోకి వెళ్లాయి. గట్టిగా అడిగితే, ప్రతి ముక్కకూ తలకట్టు అతికించి మళ్లీ అంతా సంఖ్యలుగా మార్చి ఇచ్చారు. ఒక రాత్రిలో అయిపోయింది. అంత చిన్న పనికి నేను రాసిన ఉత్తరాలు పదకొండు. పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన ఫైళ్లకైతే ఏ సాధనమూ దిక్కు కాదు. తెరమీద తెలుగులా కనిపించినా లోపల ఉన్నవి అర్థంలేని ఇంగ్లిషు గుర్తులు. ముందు యూనికోడ్‌లోకి మార్చాలి. చేతిరాత రిపోర్టులు ఇప్పటికీ బీరువాలోనే ఉన్నాయి, వాటి సెర్చ్ సాధనం నేనే.

ఇంత తిట్టాక కూడా నేను దాన్ని వదలలేదు, ఎందుకంటే నాలుగో నెలలో సెట్టింగులు తిరగేస్తుంటే రెండు పద్ధతులనూ కలిపి వెతికే మీట ఒకటి కనబడింది. మూసి ఉంది. దాన్నెందుకు మూసి అమ్ముతారో నాకు అంతుపట్టలేదు. తెరిచాక, ప్రశ్న ఒక్కసారే కొడితే లోపల మాటల వెతుకులాట ఒక జాబితా తయారుచేస్తుంది, అర్థం వెతుకులాట ఇంకొకటి. కలిపే లెక్క మాత్రం ముచ్చటగా ఉంటుంది. 2009లో ప్రతిపాదించిన పద్ధతి అది. ప్రతి జాబితాలో పత్రం స్థానానికి 60 కలిపి, ఒకటిని ఆ మొత్తంతో భాగించి, వచ్చినవాటిని కూడుతుంది. ఒక జాబితాలో మూడో స్థానం, ఇంకోదానిలో ఐదో స్థానం ఉన్న పత్రానికి 63తో, 65తో భాగించగా వచ్చినవి కలిపితే సుమారు 0.031. ఒకదానిలో మొదటి స్థానంలో ఉండి, రెండోదానిలో అసలు లేని పత్రానికి 0.016. ఒకరు ఆకాశానికి ఎత్తినదాని కన్నా ఇద్దరూ పరవాలేదన్నది ముందుకు వస్తుంది. నేను ఉద్యోగానికి మనుషులను ఎంపిక చేయవలసివస్తే ఇదే లెక్క వాడతాను.

నోటుపుస్తకంలో నలభై పాత ప్రశ్నలు ఉన్నాయి, సరైన జవాబు ఏ ఫైలులో ఉందో నాకు ముందే తెలిసినవి. మొదటి పది ఫలితాల్లో ఆ ఫైలు కనబడితే టిక్కు. పాతది సగం దగ్గరికి కూడా రాలేదు. కొత్తది ఒంటరిగా చాలావాటిని పట్టింది గానీ, విడిభాగాల సంఖ్యలున్న ప్రశ్నలన్నిటిలో తప్పింది. రెండూ కలిపి వెతికితే దొరకనివి మూడు మాత్రమే మిగిలాయి. ఆ మూడింటిలో రెండు ‘మార్చని’, ‘చేయని’ ప్రశ్నలే. మీరు ఇలాంటిది కొనేముందు మీ సొంత ఫైళ్ల మీద ఇలాంటి నలభై ప్రశ్నలు వేసి చూపించమనండి. వాళ్లు తెచ్చుకున్న నమూనా ఫైళ్ల మీద ఏ సాధనమైనా అద్భుతంగానే ఉంటుంది. కలిపి వెతికే మీట ఉందా, ముక్కలకు తలకట్టు అతుకుతుందా, తేదీ వడపోత ఉందా, తెలుగులో అడిగితే తెలుగు ముక్క వస్తుందా అని కూడా అడగండి. మా సాధనానికి నేను ఐదుకు నాలుగు వేస్తాను. తగ్గిన ఆ ఒక్కటి పదకొండు ఉత్తరాలకు.

పోయిన వారం పెద్ద మెకానిక్ మళ్లీ వచ్చారు. ఎప్పటిలాగా నేను వెతికి ఇవ్వబోతే, ‘మీరు లేవండమ్మా, నేనే అడుగుతాను’ అని కుర్చీలో కూర్చుని, రెండు వేళ్లతో ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ కొట్టారు: ‘పోయినేడు వానకు గుంటలో నీళ్లు నిలిస్తే నేను ఏం చేశాను’. మొదటి ఫలితం ఆయనదే. తేదీ చూస్తే పోయినేడుది కాదు, నాలుగేళ్ల కిందటిది. వడపోత పెట్టలేదని చెప్పబోయాను. ఆయన అప్పటికే కళ్లద్దాలు పైకి తోసుకుని చదివేస్తున్నారు.

‘ఉండనివ్వండమ్మా. గుంట అదే, నీళ్లూ అవే’ అని జేబులోంచి కాగితం తీసి రాసుకున్నారు.